ప్రోన్ స్లింగ్: మెత్తదనం కాదు, సాగుడు చూసి కొనండి

50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10.4 మి.మీ. బోర్లా పడుకుని (ప్రోన్) కాల్చేటప్పుడు అందులో వరసగా గుళ్లు పడాలంటే రైఫిల్ బరువును మోయాల్సింది స్లింగ్ (జబ్బను రైఫిల్‌కు కలిపే పట్టీ), కండ కాదు.

మామూలు నైలాన్ పట్టీ రైఫిల్‌ను భుజానికి తగిలించుకోవడానికే పనికొస్తుంది. బరువు పడితే సాగుతుంది, బకిల్ దగ్గర జారుతుంది, గ్రూప్ (టార్గెట్ మీద గుళ్ల గుంపు) నిలువుగా చెదురుతుంది. తోలుది హాయిగా ఉంటుంది, జాకెట్‌ను బాగా పట్టుకుంటుంది. చిక్కల్లా చెమట, వానాకాలపు తేమతోనే: నిన్న కుదిరిన రంధ్రం ఇవాళ వదులు. అందుకే మన వాతావరణానికి సాగని సింథటిక్ కఫ్ (జబ్బకు చుట్టే భాగం) స్లింగే మేలు. పట్టీ మీద పొడవు చూపే నంబర్లుండాలి, కఫ్ లోపల రబ్బరు పట్టు ఉండాలి. వెడల్పు 40 మి.మీ. దాటితే ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో ఒప్పుకోరు. లోపల దట్టమైన స్పాంజి ఉన్నవి షాపులో బాగానే అనిపిస్తాయి కానీ, ఆ స్పాంజి అణిగినంత మేర గురి దిగుతుంది.

కఫ్‌ను జబ్బ పైభాగాన, భుజానికి దగ్గరగా బిగించండి. కిందికి జారి జబ్బ లోపలి వైపు నొక్కిందా, నాడి కొట్టుకోవడం సైట్‌లోనే కనిపిస్తుంది. జారకుండా జాకెట్ చేతికి ఒక హుక్ పెట్టుకోవచ్చు, నిబంధనల్లో ఉన్నదే. పట్టీ మెలిపడకుండా చేతి వెనక చదునుగా ఆనాలి. చేయి హ్యాండ్‌స్టాప్‌కి (చేయి ముందుకు జారకుండా రైఫిల్ కింద ఉండే అడ్డు) ఆనాలి, వేళ్లు ఫోరెండ్‌ను (రైఫిల్ ముందు పిడి) పట్టుకోకూడదు. ముంజేయి నేలతో 30 డిగ్రీలకు తగ్గకూడదు.

ఇప్పుడు కుడిచేయి (కుడిచేతివాటం వాళ్లైతే) రైఫిల్ మీంచి తీసేయండి. బట్ (రైఫిల్ వెనక కొస) భుజంలోనే నిలిచి, సైట్ దాదాపు అక్కడే ఉంటే పొడవు సరిపోయినట్టు. బట్ జారితే ఒక నంబరు బిగించండి. వేళ్లు తిమ్మిరెక్కితే చాలామంది స్లింగ్‌నే తిడతారు. నిజానికి హ్యాండ్‌స్టాప్ చోటు తప్పయినా అంతే.

కళ్లు మూసి, ఊపిరి వదిలి, తెరిచి చూడండి. గురి పక్కకి తప్పితే ఎడమ మోచేయి కదపకుండా నడుము జరపాలి. చేత్తో లాగి సరిచేస్తే గుండు పేలగానే రైఫిల్ పాత దిక్కుకే పోతుంది. పైకీ కిందికీ తప్పితే హ్యాండ్‌స్టాప్ కదపాలి: ముందుకు జరిపితే గొట్టం మూతి దిగుతుంది, వెనక్కి తెస్తే లేస్తుంది. జరిపిన ప్రతిసారీ పొడవు మళ్లీ సరిచూసుకోవాలి, సరైన నంబరు రాసిపెట్టుకోవాలి.

త్రీ పొజిషన్ (మోకాలి మీద, బోర్లా, నిలబడి మూడు భంగిమల్లో) కాల్చేవాళ్లు త్వరగా ఊడే క్లిప్ ఉన్నదే తీసుకోవాలి. నీలింగ్‌కి (మోకాలి మీద) పొడవు వేరు, స్టాండింగ్‌లో (నిలబడి) స్లింగ్ అసలు వాడనివ్వరు.