పదకొండు ఊళ్లు రాసుకెళ్తే నాలుగు మిగిల్చాడు: నల్లగొండలో ఒక యాత్రా ప్రణాళిక ఆఫీసు

క్లాక్ టవర్ సెంటర్ నుంచి ప్రకాశం బజారు వైపు వెళ్తుంటే ఒక జిరాక్స్ దుకాణం వస్తుంది. దాని పక్క మెట్లెక్కితే పైన ఒకే గది ఆఫీసు. గోడ మీద విమానం బొమ్మ లేదు, ఈఫిల్ టవర్ బొమ్మ లేదు. ఒక పెద్ద యూరప్ రైల్వే మ్యాపు, కొక్కేనికి వేలాడే కాటా, మూడు ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. ఇక్కడ ప్యాకేజీలు అమ్మరు. మనం ఎన్నాళ్లు వెళ్తామో, ఎంత పెట్టగలమో విని దారి గీసిస్తారు. వీసా ఫైలు సర్దుతారు, బుకింగులు మన ఎదుటే మన కార్డుతో చేయిస్తారు. దంపతులిద్దరికీ కలిపి ఆరు వేలు. పోయిన మే నెలలో ఆ ప్రణాళికతోనే మేమిద్దరం పదహారు రాత్రులు తిరిగొచ్చాం. మెచ్చుకోవాల్సినవాటితో పాటు తిట్టాల్సినవీ ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. ఊరివాళ్లకు గుర్తు చెప్తే చాలు.

నేను లెక్కల టీచర్ని, మా వారు విద్యుత్ శాఖలో పనిచేస్తారు. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో తిరుపతి, అరకు, ఒకసారి ఊటీ తప్ప ఇద్దరం కలిసి ఎక్కడికీ వెళ్లలేదు. కాలనీలో వేసిన మూడు లక్షల చిట్టీని చివరి నెల దాకా పాడకుండా ఆగాం. ఆ డబ్బు దాటి ఒక్క రూపాయి పెట్టకూడదన్నది మా వారి షరతు. షరతు విన్న హైదరాబాద్ ఏజెంట్లు ఇద్దరు మర్యాదగా టీ ఇచ్చి పంపేశారు. ఈ ఆఫీసు నడిపే మనిషి మాత్రం కాగితం తీసుకున్నాడు.

మేం రాసుకెళ్లిన జాబితాలో పదకొండు ఊళ్లున్నాయి. లండన్‌తో మొదలై రోమ్‌తో ముగుస్తుంది. అతను ఎర్ర పెన్ను తీసి ముందు లండన్ కొట్టేశాడు. యూరప్‌లో చాలా దేశాలకు ఒక్కటే సరిపోయే షెంజెన్ వీసా అక్కడ చెల్లదట. ఆ ఒక్క ఊరి కోసం ఇంకో వీసా, ఇంకో రుసుము. తర్వాత స్విట్జర్లాండ్ పోయింది. సినిమా పాటల్లో చూసిన మంచు కొండలు కళ్లముందే చెరిగిపోతుంటే మా వారు కుర్చీలో ముందుకూ వెనక్కూ కదిలారు. "అక్కడి రెండు రోజుల ఖర్చుతో పోలండ్‌లో వారం ఉండొచ్చు సార్" అన్నాడు. పారిస్ దగ్గర నేను అడ్డం పడ్డాను. అప్పుడు నా వైపు తిరిగి అన్న మాట ఇప్పటికీ ఇంట్లో వాడుకుంటున్నాం: "మేడం, పదహారు రోజుల్లో పదకొండు ఊళ్లంటే అది యాత్ర కాదు, కండక్టర్ డ్యూటీ."

ఊరు మారిన ప్రతిసారీ సామాను సర్దడానికీ, స్టేషన్‌కు పోవడానికీ, కొత్త గది వెతుక్కోవడానికీ తక్కువలో తక్కువ అర రోజు పోతుంది. పది మార్పులకు అయిదు రోజులు. లెక్కల టీచర్ని, ఈ లెక్క నాకెందుకు తట్టలేదో తెలియదు. చివరికి మిగిలినవి నాలుగు: ప్రాగ్ నాలుగు రాత్రులు, క్రాకోవ్ మూడు, బుడాపెస్ట్ నాలుగు, వియన్నా అయిదు. ప్రాగ్‌లో దిగి వియన్నా నుంచి తిరుగు విమానం ఎక్కేలా పెట్టాడు. దిగిన ఊరికే మళ్లీ రావాల్సిన పని తప్పింది.

వీసా ఫైలులో అతని చేయి తిరిగినతనం కనిపించింది. షెంజెన్ దేశాల్లో ఎక్కడ ఎక్కువ రాత్రులు ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. వియన్నాకు అయిదు రాత్రులు వేసింది అందుకేనని అప్పుడు అర్థమైంది. ఎటు పెట్టుకోవాలన్న సందేహమే లేకుండా ఆస్ట్రియా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, ఆలస్యమంటే పదిహేను రోజుల ముందు వరకు పెట్టుకోవచ్చు. మాకు మూడు నెలల ముందే పెట్టించాడు. ఒక్కొక్కరికి 90 యూరోల రుసుము, వీసా రాకపోయినా తిరిగి రాదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇద్దరం ప్రభుత్వోద్యోగులం కావడంతో శాఖల అనుమతి పత్రాలు, సెలవు మంజూరు, జీతం పత్రాలు, ఆరు నెలల బ్యాంకు లెక్కలు. అన్నీ వరుస సంఖ్యలు వేసి, రంగు కాగితాలతో విడదీసి కుట్టాడు. మా పదో తరగతి రికార్డులు కూడా అంత శుభ్రంగా ఉండవు. హైదరాబాద్ వీసా కేంద్రంలో మా పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

రైలు పాస్ సంగతికొస్తే, అందరూ చెప్పే యూరేల్ పాస్ కొనాలనే అనుకున్నాం. ముప్పై మూడు దేశాల్లో చెల్లుతుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అతను మ్యాపు మీద వేలు పెట్టి మా దారి చూపించాడు. ప్రాగ్ నుంచి క్రాకోవ్ రైలు, అక్కడి నుంచి బుడాపెస్ట్‌కు స్లొవేకియా మీదుగా బస్సు, ఆపైన వియన్నాకు రైలు. ఊరు మారేది మూడే సార్లు. పాసు తక్కువలో తక్కువ నాలుగు ప్రయాణ దినాలకు అమ్ముతారు. పైగా కొన్ని వేగపు రైళ్లలో పాసున్నా సీటుకు వేరే కట్టాలి. విడి టికెట్లు ముందుగానే కొంటే సగం కన్నా తక్కువలో తేలింది. పాసు ఇప్పించి ఉంటే అతనికి కమీషన్ వచ్చేదో లేదో నాకు తెలియదు కానీ, వద్దన్నాడు.

కాటా ఎందుకో వెళ్లేముందు తెలిసింది. సర్దిన సంచులతో రమ్మన్నాడు. నాది పదకొండు కిలోలు, మా వారిది పద్నాలుగు. "లతీఫ్ సాహెబ్ గుట్ట మీదికి ఇవే వేసుకుని ఒకసారి ఎక్కి దిగండి, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. ఆదివారం పొద్దున ఎక్కాం. సగం మెట్ల దగ్గరే మా వారు ఇస్త్రీ పెట్టె తీసి చేత పట్టుకున్నారు. అవును, ఇస్త్రీ పెట్టె. దిగేసరికి నా చీరలు మూడు ఒకటయ్యాయి. రెండోసారి కాటా ఏడూ, ఎనిమిదీ చూపించింది. అప్పుడే మా అత్తమ్మ పెట్టిన నెయ్యి సీసా బయటికి తీశాడు. బయటి దేశాల నుంచి పాలు, మాంసంతో చేసినవేవీ యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదట. సకినాలు, గోంగూర పచ్చడి, పప్పుల పొడి ఉండనిచ్చాడు. సీసా బీరువా మీద పెట్టి, వచ్చాక తీసుకోండన్నాడు.

ఇక తిట్టాల్సినవి.

క్రాకోవ్ రైలు గంటన్నర ఆలస్యం. గది ఉన్న వీధికి చేరేసరికి రాత్రి పదకొండు దాటింది, సన్నటి వాన. తలుపు మూసి ఉంది, లోపల దీపం లేదు. పక్కనే గోడకు అంకెల మీటల పెట్టె. మా చేతిలోని బుకింగ్ కాగితాన్ని ఫోను వెలుతురులో చదివితే, అట్టడుగున చీమంత అక్షరాల్లో ఒక వాక్యం: రిసెప్షన్ రాత్రి పది వరకే, ఆ తర్వాత వచ్చేవారికి తలుపు అంకెలు మెయిలులో పంపుతాం. నా మెయిలులో లేదు. మా వారి మెయిలులో లేదు. ఆయన ఎదురుగా ఉన్న రొట్టెల దుకాణం చూరు కింద నిలబడి ఒక్క మాటా అనలేదు. తొమ్మిదేళ్ల సంసారంలో ఆ మౌనం విలువ నాకు తెలుసు.

నల్లగొండలో అప్పుడు తెల్లవారుజాము మూడు కావస్తోంది. అతనికి ఫోను చేశాను. రెండో రింగుకు ఎత్తాడు. ఎత్తగానే క్షమాపణ కాదు, "ఒక్క నిమిషం మేడం" అన్నాడు. బుకింగ్ చేసేటప్పుడు మా మెయిలుకు బదులు తన ఆఫీసు మెయిలు ఇచ్చాడట. అంకెలు మధ్యాహ్నమే వచ్చి అక్కడ కూర్చున్నాయి. నాలుగు అంకెలు చెప్పాడు, నొక్కాను, ఏమీ కాలేదు. చివర్లో తాళం గుర్తున్న మీట కూడా నొక్కాలని అతనే చదివి చెప్పాడు. టక్కుమంది. తలుపు తెరుచుకునే దాకా ఫోను పెట్టలేదు. తప్పు ముమ్మాటికీ అతనిదే. ఆ వేళ ఫోనెత్తిన మనిషిని ఎంత తిట్టాలో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. వెళ్లేవాళ్లు ప్రతి బుకింగ్‌లోనూ మీ మెయిలే ఇప్పించండి, ఎదుటే కూర్చుని చూడండి.

రెండో తప్పుకు అంత కథ లేదు కానీ డబ్బు పోయింది. విదేశీ కార్డులో మొత్తం యూరోలే వేయించాడు. చెక్ దేశంలో కొరునా, పోలండ్‌లో జ్లోటీ, హంగరీలో ఫోరింట్. నాలుగింటిలో యూరో నడిచేది ఆస్ట్రియాలో మాత్రమే. గీకిన ప్రతిసారీ ఒక డబ్బు నుంచి ఇంకో డబ్బుకు మారుస్తూ కొంత కోసుకున్నారు. ఇంటికొచ్చాక లెక్క చూస్తే దాదాపు నాలుగు వేలు. దారులన్నీ తెలిసినవాడు ఇది మరిచిపోవడం నాకు మింగుడుపడలేదు. ఏటీఎంలో "మీ కార్డు డబ్బులోనే కట్టమంటారా" అని అడిగితే వద్దనాలని, అక్కడి డబ్బులోనే తీయాలని మాత్రం ముందే చెప్పాడు. ప్రాగ్‌లో ఒక యంత్రం ఆ వద్దు అనే మీటను ఎంత మూలకు దాచిందంటే, వెతకడానికి వెనక వరుసలో ఉన్నవాళ్లు సాయం చేశారు.

అతని కాగితాల్లో నాకు నచ్చింది అంచుల్లో చేత్తో రాసిన చిన్న చిన్న సంగతులు. ప్రాగ్ చార్లెస్ వంతెనకు తెల్లవారక ముందే వెళ్లమని రాశాడు. అయిదింటికి వెళ్లాం. అర కిలోమీటరు పొడవునా విగ్రహాలు, మేము, వీధి ఊడ్చేవాళ్లు. తొమ్మిదింటికి అదే వంతెన మీద మేళ్లచెరువు జాతర. క్రాకోవ్‌లో పాల బార్లలో తినమన్నాడు. బార్ అనగానే మా వారి ముఖం వెలిగింది, పాల అనగానే ఆరింది. కమ్యూనిస్టుల కాలంలో చవక భోజనానికి పేరుపడ్డ క్యాంటీన్లు అవి. మన గరిజెల ఆకారంలో ఉడికించిన పియెరోగీలు పెడతారు. లోపల బంగాళాదుంప, జున్ను. మూడు పూటలూ అదే తిన్నాం, గోంగూరతో. బుడాపెస్ట్‌లో పడవ షికారుకు బదులు డాన్యూబ్ ఒడ్డున పోయే రెండో నంబరు ట్రాము ఎక్కమన్నాడు. మామూలు టికెట్‌తో పార్లమెంటు భవనం ముందు నుంచే పోయింది.

వియన్నా పేజీలో "నీళ్లు కొనొద్దు" అని రెండు గీతలు కొట్టి ఉంది. ఆల్ప్స్ కొండల ఊటల నుంచి 1873లో వేసిన గొట్టపు కాలువ, 1910లో వేసిన రెండోది ఇప్పటికీ ఆ ఊరికి తాగునీరు తెస్తున్నాయి. గదిలోని కుళాయి తిప్పి గ్లాసు నింపుకున్నాను. మాది ఫ్లోరైడ్ నీళ్ల జిల్లా. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. మా అమ్మమ్మ నడుం వంగిపోవడం చూస్తూ పెరిగిన దాన్ని. ఆ గ్లాసు వెంటనే తాగలేకపోయాను, కాసేపు పట్టుకు కూర్చున్నాను. మా వారు మాత్రం రెండు సీసాలు పట్టి సంచిలో పెట్టుకున్నారు. అయిదు రోజుల్లో నీళ్లకు పైసా పెట్టలేదు.

అదే పేజీలో కింద: "ఒపేరాకు దస్తీ తీసుకెళ్లండి." అర్థం కాలేదు. వియన్నా స్టేట్ ఒపేరా అనే సంగీత నాటకశాలలో నిలబడి చూసే టికెట్లు చాలా చవక. లోపలికి వెళ్లాక చూస్తే, ముందున్న కమ్మీలకు అందరూ మెడ గుడ్డలు కట్టి తమ చోటు ఖాయం చేసుకుని హాయిగా బయటికి పోతున్నారు. ఎవరి గుడ్డనూ ఎవరూ కదపరు. నల్లగొండ బస్టాండులో కిటికీలోంచి సీటు మీద దస్తీ వేసేవాళ్లకు ఇది నేర్పాలా? మా వారి నీలం గళ్ల దస్తీ, నా చున్నీ పక్కపక్కన కట్టాం. పాట ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడు గంటలు నిలబడ్డాం.

ఖర్చు అడుగుతారని తెలుసు. ఇద్దరికీ విమానం లక్షా ఇరవై రెండు వేలు, వీసా బీమా కలిపి ఇరవై ఆరు, గదులు అరవై ఏడు, రైళ్లు బస్సు ఇరవై ఒకటి, తిండి ముప్పై ఎనిమిది, టికెట్లు చిల్లర మల్లర పదహారు, అతని ఆరు. రెండు లక్షల తొంభై ఆరు వేలు. కార్డులో కరిగిన నాలుగు వేలు కూడా కలిపితే చిట్టీ సరిగ్గా అయిపోయింది.

అయిదుకు మూడున్నర ఇస్తాను. మెయిలు తప్పుకు ఒకటి, యూరోలకు అర తగ్గించాను. సాయంత్రం అయిదు తర్వాతే తెరుస్తారు, ముందు ఫోను చేసి వెళ్లండి. బేరం ఆడితే నవ్వుతాడు, తగ్గించడు.

వచ్చిన వారానికి వియన్నా చాక్లెట్లు పట్టుకుని వెళ్లి, రెండు తప్పులూ ముఖానే చెప్పాను. విని తన ఎర్ర పెన్నుతో ఏదో రాసుకున్నాడు. లేచి బీరువా మీది నెయ్యి సీసా దింపి ఇచ్చాడు. సగమే ఉంది. నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.