పల్లి పట్టి మిషన్లు: ఆరేళ్లు వాడాక

జడ్చర్లలో మాది చిన్న పల్లి పట్టీల యూనిట్. 2019లో మూడు మిషన్లు కొన్నాం: పల్లీలు వేయించే డ్రమ్ము, పాకం కలిపే మోటారు కడాయి, పట్టీని పరిచి కోసే రోలరు. కొనాలనుకునేవాళ్లు తరచూ అడుగుతుంటారు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

డ్రమ్ము బంగారం. బాదేపల్లి మార్కెట్లో కొన్న పల్లీలు పోస్తే అన్నీ ఒకే తీరుగా వేగుతాయి. కానీ బూజు పట్టిన గింజల్ని అది ఏరదు. బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు. మా దగ్గర ముగ్గురు ఆడవాళ్లు చాటలు పట్టుకుని ఏరుతారు. ఆ కూలి మిగుల్చుకోవాలని మాత్రం చూడకండి.

అసలు సంగతి కడాయిది. చేత్తో కలిపిన రోజుల్లో అత్తమ్మకు రాత్రంతా భుజం గుంజేది. ఇప్పుడు గరిటెను మోటారే తిప్పుతుంది, అడుగంటదు. దానికి టెంపరేచర్ మీటర్ కూడా ఉంది. "145 డిగ్రీలు చూపించగానే పల్లీలు పోసేయండి, ఇంక పాకం చూసే మనిషి అక్కర్లేదు" అన్నాడు అమ్మినాయన. మొదటి వానాకాలం ఆ మాట నమ్మి దెబ్బతిన్నాం. నాలుగో రోజుకల్లా కిరాణా కొట్ల నుంచి ఫోన్లు, పట్టీలు కవర్లకు అతుక్కుపోతున్నాయని. 40 కిలోలు వెనక్కి తెచ్చుకున్నాం. టెన్షన్‌తో ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మీటర్ పుల్ల కడాయి గోడకు ఆని ఉందని తర్వాత తెలిసింది. అది చెప్పింది గోడ వేడి, పాకం వేడి కాదు. పైగా బెల్లం ఒక్కో లాటు ఒక్కో తీరు. చెమ్మ పట్టిన పాత బెల్లంలో గ్లూకోజు, ఫ్రక్టోజు పెరుగుతాయి, అవి గాలిలో తేమను లాక్కుంటాయి.

అప్పటి నుంచి మీటర్ 140 దాటగానే మంట తగ్గించి అత్తమ్మను పిలుస్తాం. స్టీలు గిన్నెలో చల్లని నీళ్లు, అందులో చుక్క పాకం. తీసి వేళ్లతో వంచుతుంది. వంగితే "ఇంకొంచెం ఆగు బిడ్డా, సాగుతున్నది" అంటుంది. మళ్లీ ఇంకో చుక్క. ఈసారి గిన్నె అంచుకు కొడితే టక్కుమని, వంచబోతే పటుక్కున విరుగుతుంది. అప్పుడు చిటికెడు సోడా, వెంటనే పల్లీలు. సోడాకు పాకం నురగ కడుతుంది. ఆ బుడగల వల్లే పట్టీ కొరికితే గుల్లగా ఉంటుంది.

రోలరుతో ముక్కలన్నీ ఒకే మందం వస్తాయి. అయితే పట్టీ మరీ వేడిగా ఉంటే బ్లేడ్లకు అంటుకుంటుంది, చల్లారితే పగులుతుంది. మధ్యలో దొరికేది రెండు మూడు నిమిషాలే. నూనె రాసుకున్న అరచేయి ఆనించి, ఓర్చుకునే వేడి ఉంటేనే బ్లేడ్లు దించుతాం. రాత్రి వేడినీళ్లతో కడగకపోతే పొద్దునకు బెల్లం రాయిలా గట్టిపడుతుంది.

మళ్లీ కొన్నా ఈ మూడే కొంటా, మీటర్ పుల్ల పాకం మధ్యలో ఉందో లేదో చూసుకుని. అత్తమ్మకు డెబ్బై దాటాయి. పోయిన నెల నుంచి గిన్నె నా చేతికిచ్చి తను పక్కన పీట వేసుకుని కూర్చుంటున్నది. పదిసార్లలో ఎనిమిదిసార్లు నాకు పాకం కుదురుతున్నది.