క్రెడిట్ చరిత్ర లేనివారికి కివా అప్పు

బ్లౌజులు కుట్టే నా చిన్న కొట్టుకు పెద్ద కుట్టుమిషను కావాలి. అమెరికాలో నాకు క్రెడిట్ చరిత్ర, అంటే అప్పులు తీర్చిన రికార్డు, లేదని ఓ బ్యాంకు ముఖం మీదే చెప్పేసింది. ఆన్‌లైన్‌లో జనం దగ్గర డబ్బు పోగుచేసి అప్పు ఇప్పించే కివా అనే లాభాపేక్ష లేని సంస్థలో ఆ పేచీ లేదు. కనీస క్రెడిట్ స్కోరంటూ లేదు, తాకట్టు అడగరు, వడ్డీ సున్నా. 15,000 డాలర్ల వరకు అడగవచ్చు. ఇచ్చేది తలా కొంత డబ్బు వేసే ముక్కూమొహం తెలియనివాళ్లు. అయితే ముందుగా మన పరిచయస్థుల్లో కొందరు వేయాలి, ఆ తర్వాతే దరఖాస్తు అందరికీ కనిపిస్తుంది. మొహమాటస్తులకు అసలు పరీక్ష ఇదే! మా పిన్ని కూతురు డబ్బు వేసి, "వడ్డీ ఎలాగూ రాదు కదక్కా, ఓ బ్లౌజు కుట్టిపెట్టు" అంది. గడువులోగా అడిగిన మొత్తమంతా పోగవకపోతే ఒక్క డాలరూ చేతికి రాదు. అందుకే మిషను ధర, పన్ను కలిపి ఎంతవుతుందో అంతే అడగండి. రేపే అద్దె కట్టాల్సినవారు మాత్రం వేరే దారి చూసుకోవాలి.