చెన్నై ఎండల్లో బీ550 బోర్డు: ఇన్నేళ్లు వాడాక

బడ్జెట్ గేమింగ్ పీసీ కట్టేవాళ్లు గ్రాఫిక్స్ కార్డుకీ ప్రాసెసర్‌కీ పైసాతో సహా లెక్కలేసి, మిగిలిన డబ్బుకి ఏ మదర్‌బోర్డొస్తే అది తీసుకుంటారు. చెన్నైలో ఉండేవాళ్లకి ఆ పద్ధతి కుదరదు. 2021లో రిచీ స్ట్రీట్‌లో ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్లకి పనికొచ్చే, బీ550 చిప్‌సెట్ ఉన్న చిన్న సైజు (మైక్రో ఏటీఎక్స్) బోర్డు కొన్నాను, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆ రోజు అంగట్లో ఆయన అంతకన్నా చవకైన ఏ520 బోర్డు చేతిలో పెట్టి, "దీంట్లోనూ రైజెన్ ఆడుతుంది కదా బాబూ, ఎందుకు దండగ?" అన్నాడు. ఆడుతుంది, నిజమే. కానీ దాని వీఆర్ఎమ్ మీద వేడిని లాగే హీట్‌సింక్ లేదు.

ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పక్కన వరసగా కనిపించే చదరపు కాయిల్స్, నల్ల చిప్పులే వీఆర్ఎమ్. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టుల్ని ప్రాసెసర్‌కి కావాల్సిన ఒక వోల్టు, ఆ పైచిలుకుకి దించుతుంది. ఆ దించడంలోనే వేడి పుడుతుంది. ఏసీ గదిలో దాని ఊసే ఎత్తక్కర్లేదు. పెరంబూరులో మాది మేడ మీది గది. మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని ఆడితే ముందు ఉడికేది ఇదే. మరీ కాలితే ప్రాసెసర్ వేగం పడిపోతుంది, ఆట తడబడుతుంది, మనమేమో గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకుంటాం. నా బోర్డుకి మంచి బరువైన అల్యూమినియం దిమ్మలున్నాయి. ఎండాకాలంలో 80 డిగ్రీల దరిదాపుల్లో ఆగింది.

రైజెన్ 5 3600 ప్రాసెసర్‌తో మొదలుపెట్టి 5700ఎక్స్3డీకి మారాను. 2024లో వచ్చిన చిప్పు 2020 నాటి చిప్‌సెట్ మీద బయోస్ (పీసీ ఆన్ చేయగానే బోర్డుని లేపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఒక్కదాంతో లేచి కూర్చుంది. అందుకే కొనేముందు కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కి ఆఖరి బయోస్ ఎప్పుడిచ్చారో చూస్తాను. ఎఫ్‌టీపీఎమ్ అనే భద్రతా ఫీచర్ వల్ల విండోస్ ఆగి ఆగి నడుస్తోందని 2022లో ఏఎమ్‌డీయే ఒప్పుకుంది, పరిష్కారం వచ్చింది బయోస్‌లోనే.

గ్రాఫిక్స్ కార్డుకీ మిగతా పీసీకీ మధ్య డేటా నడిచే దారి పీసీఐఈ. దాంట్లో వేగమైన 4.0 రకం పెద్ద కార్డులకే అనుకుంటారు. కానీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి చిన్న కార్డుకి ఉన్నవి ఆ దారిలో నాలుగు లేన్లే. 3.0 దాటని ఏ520లో పెడితే చాలా ఆటల్లో ఫ్రేములు పడిపోతాయి.

చిరాకులూ ఉన్నాయి. కేస్ ఫ్యాన్ల వైర్లు గుచ్చడానికి రెండే హెడర్లు, స్ప్లిటర్ కొనక తప్పలేదు. ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎమ్.2 స్లాటు గ్రాఫిక్స్ కార్డు కింద ఇరుక్కుంది. కార్డు లాచ్ వేలికి అందదు, ఐస్‌క్రీమ్ పుల్లతో నొక్కుతాను. నవంబరు వానల్లో ఒకరోజు డిస్‌ప్లే రాలేదు. బోర్డు అంచున డీర్యామ్ అని రాసున్న చోట చిన్న దీపం వెలుగుతోంది. ర్యామ్ తీసి, బంగారు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొట్టు దులిపి పెడితే వచ్చేసింది. ఆ దీపం లేకపోతే సప్లై నుంచి ఒక్కొక్కటీ అనుమానించేవాణ్ణి. రంగురంగుల ఆర్‌జీబీ లేకపోయినా పర్లేదు, ఈ డీబగ్ ఎల్ఈడీ ఉన్న బోర్డే తీసుకోండి.

కొత్తగా కట్టేవాళ్లు ఏఎమ్‌డీ కొత్త సాకెట్ ఏఎమ్5 వైపు వెళ్తే డీడీఆర్5 ర్యామే కొనాలి, ఆ ఖర్చు ముందే వేసుకోండి. పైగా నా బోర్డుకున్న పాత సాకెట్ ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉండేవి, ఏఎమ్5లో బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. ఒక్కటి వంగినా వారంటీ దగ్గర పేచీయే. అంగట్లోనే సీలు తీయించి, ప్లాస్టిక్ మూత ఎత్తి, ఫోన్ లైటు వేసి పిన్నులు చూసుకుని, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నాకే డబ్బులివ్వండి.