కజుంగులా వంతెన, ఉమ్మడి సరిహద్దు చౌకీ: నాలుగేళ్ల వాడకం తరువాత

జాంబియా రాజధాని లుసాకాలో నాది మందుల టోకు వ్యాపారం. హైదరాబాద్ సరుకు ఓడలో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరాక, కంటైనర్లను బోట్స్వానా మీదుగా లారీల్లో తెప్పించుకుంటాను. ఆ దారిలో బోట్స్వానా, జాంబియాలను కలుపుతూ జాంబెజీ నది మీద 2021 మే 10న ప్రారంభమైన కజుంగులా వంతెన గురించి, దాని రెండు కొసల్లో ఉన్న సరిహద్దు చౌకీల గురించి ఈ సమీక్ష.

వంతెనకు ముందు ఇక్కడ వాహనాలను నది దాటించే పంటు నడిచేది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటినవారికి పంటు గురించి చెప్పనక్కరలేదు గాని, ఇక్కడ నిండు సరుకుతో ఉన్న పెద్ద లారీ విడతకు ఒక్కటే పట్టేది. అందువల్ల లారీలు రోజుల తరబడి, రద్దీ పెరిగితే వారానికి పైగా ఒడ్డునే నిలిచిపోయేవి. ఎండకు కాగిపోయే ఇనుప పెట్టెలో సిరప్ సీసాలు అన్ని రోజులు ఉండటం ఎంత ప్రమాదమో మందుల వ్యాపారులకు తెలుసు. 2003లో పంటు బోల్తాపడి 18 మంది చనిపోయిన సంగతిని పాత డ్రైవర్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

ఇప్పుడు 923 మీటర్ల వంతెనను లారీ నిమిషాల్లో దాటేస్తుంది. జాంబియా, బోట్స్వానా, జింబాబ్వే, నమీబియా దాదాపు ఒక్కచోట కలిసే తావు కావడంతో, జింబాబ్వే హద్దులోకి పోకుండా వంతెనను వంపు తిప్పి కట్టారు. లారీ క్యాబిన్‌లోంచి చూస్తే ఆ వంపు స్పష్టంగా తెలుస్తుంది.

అయితే నా దృష్టిలో వంతెన కన్నా విలువైనది చౌకీ పద్ధతి. జాంబియాకు వచ్చే లారీ బోట్స్వానా వైపు ఆగనక్కరలేదు. జాంబియా వైపు ఒకే ప్రాంగణంలో రెండు దేశాల అధికారులూ ఉండి, ఒకరు నిష్క్రమణ ముద్ర వేస్తే మరొకరు ప్రవేశ ముద్ర వేస్తారు. 2009లో జాంబియా, జింబాబ్వే సరిహద్దులోని చిరుందులో మొదలైన ఈ ఏర్పాటు ఇక్కడికీ వచ్చినందుకు నాకు నిజంగా సంతోషం.

కాగితాల్లో తేడా ఉంటే మాత్రం ఏ వంతెనా ఆదుకోదు. నిరుడు ఇన్వాయిస్‌లో 412 అట్టపెట్టెలు ఉండగా, సరిహద్దులో సుంకం పత్రాలు దాఖలు చేయడానికి నేను పెట్టుకున్న క్లియరింగ్ ఏజెంటు 421 అని దాఖలు చేయడంతో లారీ మూడు రోజులు ఆగింది. డ్రైవరు బత్తా, లారీ నిలుపుదల ఖర్చు రెండూ నా మీదే పడ్డాయి. అప్పటి నుంచి లారీ బోట్స్వానాలోని ఫ్రాన్సిస్‌టౌన్ దాటకముందే పత్రాల నకలు తెప్పించుకుని, పెట్టెల లెక్క, బరువు, బ్యాచ్ నంబర్లు నేనే సరిచూస్తున్నాను. కొత్తగా ఈ దారి పట్టేవారికి నా మొదటి సలహా ఇదే.

లోటు ఒకటి ఉంది. వంతెన మధ్యలో రైలుకు చోటు ఉంచారు గాని, ప్రారంభించేనాటికి దానికి కలిసే రైలు మార్గం ఏ వైపూ లేదు. దక్షిణానికి వెళ్లే జాంబియా రాగి లాంటి బరువైన సరుకు రోడ్డు వదిలి రైలెక్కితే, మా మందుల లారీలకు దారిలో రద్దీ ఎంతో తగ్గుతుంది. ఆ పట్టాలు త్వరగా పడాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఈలోగా వచ్చే నెల రెండు కంటైనర్లనూ ఈ దారినే పంపమని చెప్పాను.