కూపర్స్‌టౌన్ ఒక్కటే చూస్తే సగం బేస్‌బాలే

న్యూజెర్సీలో ఉండే మనవాళ్లకి న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ కారులో దాదాపు నాలుగు గంటల దారి. ఓట్లతో ఎన్నికైన మేటి ఆటగాళ్లని గౌరవించే మ్యూజియం, బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, ఉన్నది ఇక్కడే. రెండు వేల జనాభా కూడా లేని ఊరు. మెయిన్ స్ట్రీట్‌లో ఎటు చూసినా బ్యాట్లు, టోపీలు, పాత కార్డులు అమ్మే కొట్లే. వేసవిలో పార్కింగ్ కోసం వీధులన్నీ తిరగకండి. ఊరి అంచున కారు వదిలేసి ట్రాలీ బస్సెక్కితే సరిపోతుంది.

బస దగ్గరే ఇబ్బంది. వేసవంతా పిల్లల టోర్నమెంట్లకి వచ్చే కుటుంబాలతో గదులు నిండిపోతాయి, రేట్లు మండిపోతాయి. మేం అరగంట దూరంలోని ఒనియాంటాలో దిగాం. డబ్బు మిగిలింది కానీ ఆ మోటెల్‌లో ఏసీ రాత్రంతా గుర్రు పెడుతూనే ఉంది. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. జులై చివర్లో కొత్తవాళ్లని హాల్‌లో చేర్చే వేడుక జరుగుతుంది. జనసందోహం పడనివాళ్లు ఆ వారాంతం వెళ్లొద్దు. శాకాహారులు పులిహోర కట్టుకెళ్లడం మేలు.

ఇంత చిన్న ఊళ్లో ఇంత పెద్ద మ్యూజియం ఎందుకంటే, కారణం ఓ కట్టుకథ. 1839లో ఆబ్నర్ డబుల్‌డే (తర్వాత సైన్యంలో జనరల్ అయ్యాడు) ఇక్కడ ఈ ఆటని కనిపెట్టాడని 1907లో ఒక కమిషన్ తేల్చేసింది. ఆ ఏడాది ఆయన వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చదువుకుంటున్నాడు! నిజానికి ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత బంతాటల్లోంచి మెల్లగా తయారైన ఆట ఇది. 1845లో న్యూయార్క్‌లోని నికర్‌బాకర్స్ క్లబ్ దీనికి నియమాలు రాసుకుంది. అమెరికన్లకి మాత్రం తమ ఆట తమ పల్లెలోనే పుట్టాలి. అందుకే 1939లో నూరేళ్ల పండగ చేసి మ్యూజియం తెరిచారు. ఆ కథ నిజమని ఇప్పుడు మ్యూజియం వాళ్లే అనరు. స్థలపురాణం తేడా వచ్చిందని గుడి మూసేస్తారా?

లోపల ఎన్నికైన ఆటగాళ్ల కంచు ఫలకాల హాలు చూసి తీరాలి. 1936లో జరిగిన మొదటి ఎన్నికలో ఆనాటి మేటి ఆటగాళ్లు టై కాబ్‌కి 222 ఓట్లు, బేబ్ రూత్‌కి 215.

ఆ మిగతా సగం చూడాలంటే మిస్సోరి రాష్ట్రంలోని కాన్సాస్ సిటీకి వెళ్లాలి. అక్కడి నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం దీంతో పోలిస్తే చిన్నది, కానీ నన్ను కదిలించింది అదే. నల్లజాతివాళ్లని పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో, 1920లో రూబ్ ఫోస్టర్ ఈ మ్యూజియం ఉన్న పేటలోనే వాళ్లకో లీగ్ స్థాపించాడు. లోపలికి అడుగుపెట్టగానే విగ్రహాలున్న మైదానం కనిపిస్తుంది, మధ్యలో వైరు కంచె. చరిత్ర చెప్పే గదులన్నీ చూసి వచ్చాకే అందులోకి దారి. ఆ విగ్రహాలు నీగ్రో లీగ్స్ మేటి ఆటగాళ్లవి: బంతి విసురుతూ సాచెల్ పెయిజ్, అందుకోవడానికి జాష్ గిబ్సన్. గిబ్సన్ 1947 జనవరిలో 35 ఏళ్లకే పోయాడు. మూడు నెలలైనా తిరక్కుండా, ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగి పెద్ద లీగుల్లో నల్లజాతివాళ్లపై ఉన్న ఆ అడ్డు తొలగించాడు. 2024లో నీగ్రో లీగ్స్ లెక్కలు మేజర్ లీగ్ రికార్డుల్లో కలిశాక గిబ్సన్ బ్యాటింగ్ సగటు (బ్యాటింగ్ అవకాశాల్లో ఎన్నిసార్లు హిట్ కొట్టాడన్న లెక్క) .372 అని తేలింది. అంతవరకు రికార్డు టై కాబ్‌ది, .367.

ఇక్కడ బస డౌన్‌టౌన్‌లో చూసుకోండి, మ్యూజియానికి కారులో కొద్ది నిమిషాలే. డౌన్‌టౌన్‌లో తిరిగే ఉచిత ట్రామ్ మాత్రం ఈ పేటకి రాదు. పక్కనే జాజ్ మ్యూజియం ఉంది, రెండింటికీ కలిపి టికెట్ ఇస్తారు. ఒక్కచోటికే సెలవు దొరికితే నా ఓటు కాన్సాస్ సిటీకే. సోమవారం మూసి ఉంటుంది, అది చూసుకుని ఫ్లైట్ బుక్ చేసుకోండి.