సస్పెండ్ చేసి విచారణా, పనిలో ఉంచి విచారణా: ఏది మేలు?

హెచ్‌ఆర్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆరోపణ వచ్చింది, విచారణ తప్పదు. ఈలోగా మనిషిని ఇంటికి పంపాలా, డ్యూటీలోనే ఉంచాలా?

యాజమాన్యాలు సాధారణంగా సస్పెన్షన్ వైపే మొగ్గుతాయి. ఏదో చర్య తీసుకున్నట్టు కనబడుతుంది కదా! విచారణ తేలేదాకా చేసే సస్పెన్షన్ చట్టం దృష్టిలో శిక్ష కాదు. కానీ క్యాంటీన్‌లో ఆ తేడా ఎవరికి పట్టింది? సాయంత్రానికల్లా మనిషి మీద ముద్ర పడిపోతుంది. పైగా అతను ఇంట్లో ఉన్నాడంటే ఫైలుకి తొందర ఉండదు.

ఖర్చూ ఉంది. కార్మికుడైతే మొదటి 90 రోజులు సగం వేతనం జీవనభృతిగా ఇవ్వాలి. అతని వల్ల కాని ఆలస్యమైతే ఆ తర్వాత 75 శాతం. పాత స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థలో ఉద్యోగ నిబంధనల) చట్టంలోనూ, 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ లెక్క ఇదే. భృతి ఎగ్గొడితే విచారణకే ఎసరు. 1999లో భారత్ గోల్డ్ మైన్స్ కేసులో, భృతి అందక రాలేకపోయిన ఉద్యోగి పరోక్షంలో జరిపిన విచారణ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది.

నా మటుకు తేల్చేది ఒక్కటే: సాక్ష్యం అతని చేతికి అందుతుందా? స్టోర్స్‌లో సరుకు తగ్గిందనుకోండి. స్టాక్ రిజిస్టర్, గేట్ పాసుల కట్ట, సీసీ కెమెరా ఫుటేజీ అదే రోజు సీల్ చేసి, అతన్ని వేరే సెక్షన్‌లో కూర్చోబెడితే చాలు. అతను దిద్దడానికి ఇక ఏమీ మిగలదు. సాక్షులంతా అతని కింద పనిచేసేవాళ్లే అయితే మాత్రం సస్పెండ్ చేయక తప్పదు. బాస్ ఎదురుగా తిరుగుతుంటే ఎవరు నోరు విప్పుతారు? కొట్లాట, బెదిరింపు కేసుల్లోనూ అంతే.

లైంగిక వేధింపుల ఫిర్యాదు దారి వేరు. 2013 చట్టం ప్రకారం బాధితురాలు రాతపూర్వకంగా కోరితే, ఇద్దరిలో ఎవరినైనా బదిలీ చేయమని ఆ ఫిర్యాదును విచారించే కమిటీ సిఫారసు చేయొచ్చు. ఆమె తనే మారతానంటే తప్ప, కదపాల్సింది అతన్నే.

బలవంతపు సెలవు, దూరపు బదిలీ గురించి కూడా అడుగుతుంటారు. మొదటిది పేరు మార్చుకున్న సస్పెన్షన్. రెండోది విచారణకు ముందే వేసిన శిక్షలా కనిపిస్తుంది.

ఏ దారి పట్టినా ఛార్జిషీటు, అంటే సంస్థ తరఫున ఆరోపణలు రాసిచ్చే కాగితం, వెంటనే ఇవ్వండి. అందులో ‘అక్రమాలకు పాల్పడ్డారు’ అని రాస్తే అతను దేనికని జవాబు చెప్పాలి? ఏ తేదీ, ఏ గేట్ పాస్, ఎన్ని బస్తాలు, అన్నీ రాయాలి.